ఆయుధ పూజ నాటి బ్యాచ్

మీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "వద్దు అనడం" అని చెప్పేదాన్ని. అందులో అబద్ధమేమీ లేదు. మందుల తయారీలో క్వాలిటీ విభాగం అంటే అదే. తయారుచేసేవాళ్ళు తయారుచేస్తుంటారు, అమ్మేవాళ్ళు అమ్ముతుంటారు, మధ్యలో ఒక మనిషి కుర్చీ వేసుకుని అడ్డం పడుతుంది. ఆ అడ్డం పడే మనిషిని నేను. ఆపరేటర్లు నా ఎదుట మేడమ్ అనేవాళ్ళు, నా వెనక వద్దక్క అనేవాళ్ళు. నాకు రెండో పేరే బాగా నచ్చేది గానీ, నచ్చిందని చెబితే ఆ పేరు మానేస్తారని ఊరుకున్నాను.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, నా మొహం చూసి, "మేడమ్, మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద ఫెయిల్యూర్ ఏది?" అని అడుగుతారు. పేలిపోయిన ట్యాంకు కథో, నిప్పంటుకున్న గోడౌన్ కథో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివేవీ నా దగ్గర లేవు. నా దగ్గరున్నది సరుకు ఎక్కువ వచ్చినందుకు పారబోయాల్సి వచ్చిన బ్యాచ్ కథ. వినండి మరి, కాఫీ ఎటూ తాగేశారు.

మా కంపెనీ చెన్నైకి ఉత్తరాన ఒక పారిశ్రామికవాడలో ఉండేది. నేను వాషర్‌మెన్‌పేట్‌లో పుట్టి, అక్కడే కాపురం పెట్టి, అక్కడే జుట్టు నెరిసిన మనిషిని. కంపెనీ బస్సు మా వీధి మొగలోకే వచ్చి ఆగేది. అంతకంటే గొప్ప కారణం లేకుండానే ఆ ఉద్యోగంలో చేరాను. మేం తయారుచేసేది టీకాల్లో కలిపే ఒక నూనె. పేరు స్క్వాలీన్. టీకాలో నూనేమిటి అనుకోకండి. కొన్ని టీకాల్లో అసలు మందొక్కటే ఇస్తే, ఒంట్లో ఉన్న కాపలావాడు ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ పడుకుంటాడు. ఈ నూనెను సన్న సన్న చుక్కలు చేసి కలిపితే లేచి కూర్చుని కర్ర వెతుక్కుంటాడు. 

ఈ నూనెను ఎప్పటినుంచో సొరచేప కాలేయంలోంచి తీస్తున్నారు. మేం ఈస్ట్‌తో చేయించేవాళ్ళం. రొట్టె పొంగించే ఈస్టే. కాకపోతే ప్రయోగశాలలో దాని జన్యువులు కొన్ని మార్చి, తిన్న చక్కెరంతా నూనెగా దాచుకునే బుద్ధి పుట్టించారు. పెద్ద స్టీలు ట్యాంకులో చక్కెర నీళ్ళు పోసి, కింద నుంచి గాలి ఊదుతూ, రెక్కలతో కలుపుతూ దాన్ని పెంచాలి. పెరిగాక దాని పొట్ట పగలగొట్టి నూనె తీయాలి. చెప్పడానికి ఇంతే.

మా యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. తాతల కాలం నుంచి సౌకార్‌పేటలో టోకు వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం. మనసు మంచిది, మాట పొడుగు. మొదట్లో ఒకసారి మా అందరినీ వ్యానెక్కించి రాయపురం చేపల రేవుకు తీసుకుపోయాడు. మంచు పెట్టెల మధ్య పడుకోబెట్టిన ఒక సొరచేపను చూపించి, "ఇదే మన కాంపిటీషన్" అన్నాడు. మా ప్రొడక్షన్ సారు దాని పళ్ళ వైపు చూసి, "మనల్ని చూసి భయపడేట్టు లేదు సార్" అన్నాడు. కాలేయం ధర అడిగితే చేపలమ్మే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "కాలేయం మీరెత్తుకోని పోతే మిగిలిన మీను ఎవురు తినాల? అంతా ఎత్తుకోండి సారూ" అంది. మొత్తం కొని ఆపరేటర్లకు పంచిపెట్టాడు పెద్దాయన. మర్నాడు క్యాంటీన్ నిండా చేపను ఉడికించి పొడిచేసి వేయించిన సొరపుట్టు వాసనే.

ప్రొడక్షన్ సారు గురించి చెప్పాలి. నెల్లూరాయన. సూక్ష్మజీవుల మీద డాక్టరేటు చేసినవాడు. వాళ్ళ నాయన ఊళ్ళో లేతు షాపు నడిపేవాడట, అందుకని ఈయనకు యంత్రమంటే ప్రాణం. నేనూ ఆయనా ఉప్పూ నిప్పూ. పొద్దున ఆయన చేసినదాన్ని నేను ఆపేదాన్ని, మధ్యాహ్నానికి నేను ఆపినదాన్ని ఆయన ఇంకో దారిలో తెచ్చేవాడు. భోజనాలకు మాత్రం ఒకే బల్ల. ఆయన చేపల పులుసు డబ్బా మూత తీస్తే నేను కిటికీ తెరిచేదాన్ని. అయినా నా వంకాయ కూర సగం ఆయనకే పోయేది. ఇంట్లో వాళ్ళతో కన్నా ఆయనతోనే ఎక్కువ భోజనాలు చేశానేమో.

అప్పటికి మా పరిస్థితి ఏమంత బాగాలేదు. కరోనా తర్వాత టీకా అన్న మాట ఆటో డ్రైవర్ల నోట్లో కూడా నలిగింది గానీ మా నూనె కొన్న నాథుడు లేడు. చివరికి హైదరాబాద్‌లో ఒక టీకాల కంపెనీ ముందుకొచ్చింది. వాళ్ళ షరతు, ఆ మాటకొస్తే ఈ రంగంలో అందరి షరతు, ఒకటే. వరసగా మూడు బ్యాచ్‌లు ఒకేలా రావాలి. అంతే నూనె, అంతే శుభ్రం, అదే పద్ధతి. ఒక్కటి తేడా వచ్చినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క. పెద్దాయన మాకు దాచకుండా చెప్పాడు. ఈ మూడూ కుదరకపోతే వాళ్ళు సొరచేప దగ్గరికే పోతారు, తను దీపావళి తర్వాత గేటు తెరవలేడు. ఆ మాట విన్న రోజు క్యాంటీన్‌లో ఎవరూ రెండోసారి సాంబారు అడగలేదు.

మొదటి బ్యాచ్ బాగా వచ్చింది. రెండోది అచ్చం దానిలాగే వచ్చింది. మూడోది ట్యాంకులో ఉండగా ఆయుధ పూజ వచ్చింది.

తమిళనాట పని చేసిన వాళ్ళకు ఆయుధ పూజ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ రోజు సైకిలు రిపేరు షాపు నుంచి బస్సు డిపో దాకా పనిముట్టు ప్రతిదీ స్నానం చేసి బొట్టు పెట్టుకుంటుంది. పెట్టుకున్నాక పని చేయదు. అదీ నియమం. ఏటా మేం ఆ రోజుకు ట్యాంకు ఖాళీగా ఉండేట్టు చూసుకునేవాళ్ళం. ఆ ఏడు కుదరలేదు. లోపల ఈస్ట్ పెరుగుతోంది, ఆపడానికి లేదు. పసుపు కుంకుమలు, సాంబ్రాణి పొగ ఆ గది గడప తొక్కడానికి అసలే లేదు. వద్దన్నాను. ఆపరేటర్ల మొహాలు మాడిపోయాయి. చివరకు నేనే మార్గం చెప్పాను. గుళ్ళో మూలవిరాట్టు కదలదు కదా, ఊరేగింపుకు ఉత్సవ విగ్రహం వస్తుంది కదా. అలాగే అరిగిపోయి పక్కన పెట్టిన ట్యాంకు రెక్క ఒకటి స్టోర్‌లో ఉంది, దాన్ని బయటకు తెచ్చి పూజ చేసుకోమన్నాను. అందరికీ నచ్చింది. రెక్కకు గంధం పూశారు, చామంతి దండ వేశారు, పంచె కూడా కట్టారు. స్పీకర్లో నాదస్వరం పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. నా తెలివికి నేనే మురిసిపోయి బొరుగులూ పుట్నాలూ బెల్లమూ రెండు దోసిళ్ళు తిన్నాను.

పూజ అయ్యాక పెద్దాయన మాట్లాడాడు. ఆయన మాట్లాడటం అంటే మీకు తెలియదు. తాత ఓడ దిగడం నుంచి మొదలుపెట్టి, సౌకార్‌పేట సందుల మీదుగా, నూనె దాకా రావాలి. ఆ రోజు ప్రొడక్షన్ సారును పక్కన నిలబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి, "ఈయన లేకుంటే మనం లేము" అని చాలాసేపు చెప్పాడు. సారు చెమటలు కక్కుతున్నాడు. పొగడ్తకు అనుకున్నాను.

కొన్ని రోజులకు నూనె తీశారు. తూకం దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళు అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. ముందటి రెండు బ్యాచ్‌ల కన్నా ఎంతో ఎక్కువ. పరీక్షలన్నీ పాసైంది, శుభ్రంలో వంక లేదు. ఎవరో మిఠాయి తెచ్చారు. పెద్దాయన గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. నా నోట్లో జాంగ్రీ ఉంది గానీ మింగుడు పడలేదు. ఎక్కువ వస్తే పండగ చేసుకోవడానికి ఇది వరి కాదు. రెండుసార్లు ఒకలా వచ్చింది మూడోసారి ఇంకోలా వచ్చిందంటే, లోపల ఏదో జరిగింది, ఏమిటో మనకు తెలియదు. తెలియనిదాన్ని టీకాలో కలపం. ఎవరి పిల్ల భుజంలోకి పోతుందో తెలియని సరుకు అది.

మిఠాయి రుచించని మనిషి ఇంకొకాయన ఉన్నాడు. సాయంత్రం ప్రొడక్షన్ సారు నా గదికి వచ్చి తలుపు వేశాడు.

"మేడమ్, ఆ నూనె పెరిగింది నా వల్ల" అన్నాడు.

"మీ వల్లే కదా ఇన్నాళ్ళూ పెరిగింది" అన్నాను.

"అట్టా కాదు. పూజప్పుడు గాలి ఆపేసినా."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. కాపలా ఆపరేటర్‌ను హారతి తీసుకోమని తనే పంపించాడట. తను లోపలికి పోయి గాలి కట్టేసి, కలిపే రెక్కను బాగా తగ్గించి, హారతి కళ్ళకద్దుకుని వచ్చేద్దామని బయటికి వచ్చాడట. అప్పుడు పెద్దాయన చెయ్యి భుజం మీద పడింది.

"అలారం మోగలేదా?"

"మోగే ఉంటాది. నాదస్వరంలో ఎవురికి వినపడతాది?"

"అసలు ఎందుకు ఆపారు సార్?"

ఆయన ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా నాయన ఉన్నన్నాళ్ళు ఆ పొద్దు లేతు తిరగలా. ఏడాదంతా అరిగిపోతా ఉండాది, ఒక్క పూట ఊపిరి పీల్చుకోనీరా అనేవోడు. ఈడ చూస్తే ట్యాంకు లోపల కష్టపడతా ఉండాది, మనం బయట పాత రెక్కకు దండేస్తా ఉండాము. నాకు మనసొప్పలా. హారతి సేపన్నా ఆపుదామనుకున్నా."

"ఊపిరి పీల్చుకోమని దాని గాలి ఆపారా?"

"మీరట్టా అంటే ఇప్పుడు నాకూ అట్నే అనిపిస్తా ఉండాది" అన్నాడు.

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు, నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సూక్ష్మజీవుల మీద డాక్టరేటు చేసిన మనిషి, యంత్రాన్ని గుర్తుపెట్టుకుని లోపలున్న ప్రాణిని మరిచిపోయాడు. మేం అందరం వెంట ఉండి, పూజ చేసి మరీ, మా మూడో బ్యాచ్‌ను మేమే పాడుచేసుకున్నాం.

మర్నాడు పెద్దాయనకు చెప్పాం. ఆయన ముందు సారు వైపు చూశాడు, తర్వాత కిటికీ వైపు, తర్వాత నా వైపు.

"ఏమ్మా, కరెంటు పొయ్యిందని రాసెయ్. జనరేటరు ఎత్తుకునేదానికి లేటయింది. మెడ్రాసులో కరెంటు పోతే ఎవురు నమ్మరు?"

"నమ్ముతారు సార్."

"నమ్ముతారు గదా. ఇంగేం?"

"అది జరగలేదు సార్."

"ఇంతమంది ఇండ్లల్లో పండగ ఉండాదమ్మా" అన్నాడాయన. కసురుకోలేదు, బతిమాలాడు. అదే కష్టం. కసిరితే వద్దనడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

మీకు నిజం చెబుతాను. ఆ మాట వినగానే నాకు కోపం రాలేదు, ఆశ పుట్టింది. ఒక్క వాక్యం. అంత చిన్న వాక్యంతో అందరి జీతాలూ నిలబడతాయి, సారు ఇన్నేళ్ళ కష్టం గట్టెక్కుతుంది, నా వంకాయ కూరలో సగం ఎప్పటిలాగే పోతుంది. బస్సులో ఇంటికి పోతూ ఆ వాక్యాన్ని మనసులో రెండు మూడు రకాలుగా రాసి చూసుకున్నాను. బాగానే కుదిరింది, దరిద్రం.

వెనక సీట్లోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. పూజ రోజు కాపలా ఉన్న ఆపరేటరే. రాయపురం మనిషి, కాంట్రాక్టు మీద పని చేసేవాడు. చేతిలో వేరుశనగ పొట్లం.

"మేడమ్, నా పేరు రాసెయ్యండి."

"ఏమని?"

"నేనే మరిచిపొయ్యి ఆపేసినానని. నేను కాంట్రాక్టువోణ్ణి, ఇంగో కంపెనీలో చేరతా. సారు పోతే ట్యాంకు ఎవురు చూస్తారు? ఆయన మాటే అది వింటాది."

పొద్దుట్నుంచి ఇది రెండో అబద్ధం, మొదటిదానికన్నా మంచి మనసుతో వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నోరు మూసుకుని పల్లీలు తిను" అన్నాను. బస్సంతా తిరిగి చూసింది. అతను పొట్లం నా వైపు చాపాడు. తీసుకున్నాను. నమిలేటప్పుడు తేలిపోయింది నాకు. ఒక అబద్ధానికి ఇంతమంది భుజం పట్టడానికి తయారుగా ఉన్నారంటే, అడ్డం పడాల్సింది ఇక నేనే. అందుకేగా నాకు జీతం.

హైదరాబాద్ నుంచి ఆ కంపెనీ తరఫున వచ్చింది ఒక యువకుడు. తెలంగాణ వాడు, చూడటానికి కాలేజీ కుర్రాడిలా ఉంటాడు గానీ కళ్ళు మాత్రం సోదా చేస్తున్నట్టుంటాయి. మీటింగు గదిలో మురుకులు, కాఫీ పెట్టారు. పెద్దాయన మొదలుపెట్టాడు. "ఏమైందంటే తమ్ముడూ, ఆ పొద్దు మాకు కొంచెం కరెంటు..." 

నేను నోరు తెరిచాను. కానీ నాకన్నా ముందు ప్రొడక్షన్ సారు లేచి నిలబడ్డాడు.

"కరెంటు ఉండింది. గాలి నేనే ఆపినా. ఆయుధ పూజ కోసరం."

గదిలో మురుకు విరిగిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ యువకుడు నమలడం పూర్తి చేసి అడిగాడు.

"ఎంతసేపు ఆపిన్రు సార్?"

"హారతి సేపే అనుకున్నా. తర్వాత మా సార్ ఉపన్యాసం వొచ్చింది."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. నేను కాదని మాత్రం చెప్పగలను. పెద్దాయన మొహం ఎర్రబడి, తర్వాత ఆయనే పొట్ట పట్టుకుని నవ్వాడు. యువకుడు నవ్వీ నవ్వీ నీళ్ళు తాగాడు. "మా ఇంట్ల గూడ దసరాకు నాయిన మోటరు బండి ముట్టనియ్యడు" అన్నాడు. మాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు.

"గని ఈ బ్యాచ్ నేను తీస్కోను" అన్నాడు. "ఎక్కువొచ్చుడు గూడ తప్పే. మేడమ్‌కు నేను చెప్పే పనే లేదు."

"లేదు" అన్నాను.

"మల్ల ఒకటి నుంచి షురు జేయాలె."

పెద్దాయన తల దించుకున్నాడు. మళ్ళీ మూడు బ్యాచ్‌లంటే దీపావళి దాటిపోతుంది. ఆయన దగ్గర అంత ఊపిరి లేదని గదిలో అందరికీ తెలుసు. యువకుడు బ్యాగు మూయబోయి ఆగాడు.

"ఒక్కటి అడుగుత. ఎందుకు పెరిగింది? అది జెప్పుండ్రి."

సారు ఇంకా నిలబడే ఉన్నాడు. రెండు మూడు రోజులుగా ఆయన అన్నం కూడా సరిగ్గా తినకుండా ఆలోచించింది అదే. "సౌకార్‌పేటలో లారీల సమ్మె చూసినారా?" అన్నాడు. "లోపలికి సరుకు వస్తానే ఉంటాది. బయటికి పొయ్యేదానికి లారీ లేదు. గోడౌన్ నిండిపోతాది. ఈస్ట్ గూడా అంతే. ఈ నూనెను అది ఊరికే దాచుకోదు, కొంత కొంత ఎత్తి తన గోడలు కట్టుకునేదానికి వాడుకుంటాది. ఆ పనికి గాలి కావాల. గాలి లేకుంటే వాడకం ఆగిపోతాది, నూనె పేరుకుంటాది. బాగా పెరిగినాక, చివర్లో ఆపితే దానికి నష్టం లేదు, మనకు లాభం. ఆ పొద్దు నేను ఆపింది సరిగ్గా చివర్లో. తెలిసి కాదు."

"మల్ల ఆపితే మల్ల వస్తదా?"

"రావాల. చేసి చూడకుండా వస్తాదని చెప్పను."

యువకుడు కాసేపు పెన్ను బల్ల మీద కొట్టాడు. "సరే. చేసి సూపెట్టుండ్రి. కావాలని, కొలిచి, మూడుసార్లు. అయినంక మాట్లాడుదం. అప్పటిదాంక వేరే తాన కొనొద్దని మా వాళ్ళకు నేను చెప్త." అని నా వైపు తిరిగాడు. "మేడమ్, ఇంకొకటుంది. చెప్పకుంట ట్యాంకు మీద చెయ్యేసిన మనిషి సంగతి మీరే సూడాలె. నేను జెప్ప."

చెప్పడం ఎందుకు, నాకు తెలుసు. ఎవరు చేసినా ఒకటే నియమం. పరీక్ష బ్యాచ్‌లో అనుమతి లేకుండా చెయ్యి పెట్టినవాడు ఆరు నెలల పాటు ఆ గదిలోకి పోకూడదు. ఆ నియమం రాసింది కూడా నేనే, సంతకంతో సహా. అందరూ వెళ్ళిపోయాక నేనూ ప్రొడక్షన్ సారూ మిగిలాం. 

"రాయండి మేడమ్" అన్నాడు. "నాకు రాయకుండా వొదిలేస్తే, రేపు ఆపరేటరుకు ఏ మొహం పెట్టుకోని రాస్తారు?"

మెడలోంచి కార్డు తీసి నా బల్ల మీద పెట్టాడు. ఆ కార్డు చూపిస్తేనే ట్యాంకు గది తలుపు తెరుచుకుంటుంది. ఆ ట్యాంకు కొనడానికి తిరిగింది ఆయన, బిగించింది ఆయన, మొదటిసారి లీకైతే లోపలికి దూరి పట్టుకుంది ఆయన. కార్డును సొరుగులో వేసి తాళం పెట్టాను.  

మర్నాటి నుంచి ఆయన భోజనానికి మా బల్ల దగ్గరకు రాలేదు. రాయమన్నది తనే, కోపగించుకున్నదీ తనే. మనుషులు అంతే, తప్పుపట్టను. పనికి సంబంధించి "గుడ్ మార్నింగ్ మేడమ్", "ఎస్ మేడమ్" ఉండేవి. నేను వంకాయ కూర చేయడం మానేశాను.

కొత్త పద్ధతికి ముందు చిన్న సీసాల్లో ప్రయత్నించారు. తర్వాత ట్యాంకులో. ప్రొడక్షన్ సారు బయట అద్దం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. లోపల మా రాయపురం ఆపరేటరు మీటల దగ్గర ఉండేవాడు. ఇద్దరి మధ్యా ఒక ఫోను. గాలి తగ్గించాల్సిన ఘడియ వచ్చినప్పుడు అతను ఫోను తీసి, "సార్, ఆపమంటారా?" అనేవాడు. ఈయన, "నన్నడగద్దు పా, మేడమ్‌ను అడుగు" అనేవాడు, నా వైపు చూడకుండా. నేను తల ఊపేదాన్ని. అతను గాలి కట్టేవాడు. ఈయన కుర్చీలో ముందుకు జరిగి, నుదురు అద్దానికి ఆనించి, లోపలికి చూస్తూ ఉండిపోయేవాడు. అద్దం మీద మరక పడేది. శుభ్రం చేసే ఆమె గొణిగేది. నేను ఆమెను ఊరుకోమన్నాను. నా సర్వీసులో నేను మరకను వెనకేసుకొచ్చింది అప్పుడొక్కసారే.

దీపావళి వచ్చింది, వెళ్ళింది. పెద్దాయన గేటు మూయలేదు. సౌకార్‌పేటలో కుటుంబానికున్న కొట్టొకటి అమ్మేశాడని తర్వాత తెలిసింది. దాని మీద ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు.

మొదటి బ్యాచ్ వచ్చింది, నూనె ఎక్కువ. రెండోది దానికి కవల పిల్లలా వచ్చింది. మూడో బ్యాచ్ ఫలితం వచ్చిన రోజు పనివాళ్ళందరూ నా గది బయట నిలబడ్డారు. నేను కాగితం చూసి, మళ్ళీ చూసి, బయటికి వచ్చి, "సరే" అన్నాను. అంతే అన్నాను. అంతవరకు ఎవరూ నా నోట ఆ మాట విన్నట్టు లేదు, ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత జరిగిన గోలకు పక్క కంపెనీ వాచ్‌మన్ కూడా వచ్చాడు.

హైదరాబాద్ కుర్రాడు ఫోను చేసి పెద్దాయనతో మాట్లాడాడు. పెద్దాయన ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుని, కంపెనీ పుస్తకంలో వేయించడానికి ఫోటో తీయిద్దామన్నాడు. ట్యాంకు ముందు, అందరూ. ఫోటోగ్రాఫర్ వచ్చాడు. అందరికీ తెల్ల గౌన్లు, టోపీలు తొడిగి, అతనికీ తొడిగి, లోపలికి పంపాం. నేను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి కార్డు చూస్తున్నాను. ప్రొడక్షన్ సారు అద్దం బయట తన కుర్చీ దగ్గరే ఆగిపోయాడు. ఆయన శిక్ష కాలం ఇంకా తీరలేదు. పెద్దాయన నా వైపు చూశాడు. ఈ ఒక్కపూటకు అని అడగబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. నాకు మాత్రం మనసు లేదా? ఆ ఒక్కపూట ఇవ్వాలని ప్రాణం పీకింది. ఇవ్వలేదు.

లోపల వరసలు కట్టారు. ఫోటోగ్రాఫర్ "రెడీ" అన్నాడు. రాయపురం ఆపరేటరు వరసలోంచి బయటికి వచ్చాడు. టోపీ తీసేశాడు.

"సారు లోపలికి రాకూడదా మేడమ్?"

"రాకూడదు."

"మేము బయటికి పోవచ్చా?"

అది వద్దనడానికి ఏ నియమమూ లేదు. నాకు తెలియని నియమం ఆ కంపెనీలో ఒక్కటీ లేదు. "పోవచ్చు" అన్నాను.

అతను బయటికి నడిచాడు. వెనకే ఇంకొకరు. వరసలు విడిపోయి అందరూ ఒకరి వెనక ఒకరు గౌన్లు విప్పుకుంటూ వచ్చేశారు, పెద్దాయనతో సహా. ట్యాంకు ముందు ఫోటోగ్రాఫర్ ఒక్కడే టోపీతో మిగిలాడు. అతనూ వచ్చాడు.

ఫోటో ఆ ఇరుకు వరండాలో, చెప్పుల స్టాండు పక్కన తీశారు. కంపెనీ పుస్తకంలో వేయలేదు. ట్యాంకు కనపడదు, ఏ కంపెనీయో తెలియదు, ఏదో పెళ్ళివారిలా ఉన్నారన్నాడు అచ్చు వేసేవాడు. నిజమే, అలాగే ఉన్నాం.

అందరూ సర్దుకున్నాక ప్రొడక్షన్ సారు కుర్చీ పక్కకు నెట్టి వచ్చాడు. ముందు వరసలో ఆయన కోసం ఖాళీ వదిలారు. అటు పోలేదు. చివర గోడకానుకుని ఉన్న నా దగ్గరకు వచ్చి ఆగాడు. ఎన్నో వారాలైంది ఆయన నా మొహంలోకి చూసి.

"కొంచెం జరగండి మేడమ్" అన్నాడు. "ఈడ నిలబడేదానికి నాకు పర్మిషన్ ఉండాదా?"

 జరిగాను.